కంట్రోల్ పెట్టని రోజు

లింబయ్య చదివింది ఇంటర్ దాకే. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ లేబరేటరీలో పద్నాలుగేళ్లు చెరకు రసం పరీక్ష చేశాడు. గానుగ నుంచి తెచ్చిన రసంలో తీపి ఎంతుందో కొలిచి చీటీ మీద రాయడం అతని పని. షిఫ్టు మొదలవగానే ముందు తీపి ఎంతో తెలిసిన చక్కెర నీళ్లను పరికరంలో పెట్టి చూసేవాడు. అందులో లెక్క సరిగ్గా వస్తేనే రైతు చెరకు ముట్టుకునేవాడు. అది ఎవరూ చెప్పకుండానే చేతికి అలవాటైపోయిన పని.

ఫ్యాక్టరీ మూతపడిన ఏడాది అతనికి నలభై. నిజామాబాద్ ఖలీల్‌వాడిలో డాక్టర్ శ్రీవాణి నడిపే పాథాలజీ ల్యాబులో గాజు సామాను కడిగే పనికి చేరాడు. రెండేళ్లు తిరగకముందే పొరలు కోసే కత్తి దగ్గర కూర్చున్నాడు. ఆపరేషన్‌లో తీసిన గడ్డలోంచి చిన్న ముక్కను మైనంలో పోసి దిమ్మ కడతారు. ల్యాబులో దాన్ని బ్లాకు అంటారు. ఆ బ్లాకును యంత్రంలో బిగించి, ఉల్లిపొర కన్నా పలుచగా కోసి, గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి, గాజు పలక మీదికి ఎత్తాలి. లింబయ్య ఎత్తిన పొరకు ముడత ఉండేది కాదు. శ్రీవాణి వేరే ఊరి డాక్టర్లతో కూడా చెప్పేది, మా లింబన్న చెయ్యి చూడాలని.

బోధన్‌లో ఇల్లు, నిజామాబాద్‌లో పని. పొద్దున ఏడున్నర బస్సు, సాయంత్రం ఆరు గంటల బస్సు. భార్య గంగామణి బీడీలు చుట్టేది. ఒక్క కూతురు, పెళ్లై ఆర్మూర్‌లో ఉంది. బతుకు మీద పెద్దగా ఫిర్యాదు లేని మనిషి.

రొమ్ము క్యాన్సర్ గడ్డల మీద చేసే ఒక పరీక్ష ఆ ల్యాబులో జరిగేది. కణం పైపొర మీద హర్-టూ అనే ప్రొటీన్ ఉంటుంది. పెరగమని వచ్చే కబురును కణం లోపలికి అందించడం దాని పని. కొందరి గడ్డల్లో అది మామూలు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అప్పుడు కణాలు ఆగకుండా పెరుగుతూ పోతాయి. అలాంటి వాళ్లకు దాన్ని అడ్డుకునే మందు వేరే ఉంది. మిగతా వాళ్లకు ఆ మందుతో పని లేదు. ఎవరికి ఉందో తేల్చేది ఒక చిన్న సీసాలో వచ్చే యాంటీబాడీ. గాజు పలక మీద రెండు మూడు చుక్కలు వేస్తే అది ఆ ప్రొటీన్‌ను మాత్రమే వెతికి పట్టుకుంటుంది. పట్టుకున్న చోట చివరికి గోధుమ రంగు తేలుతుంది. లేకపోతే అంతా నీలమే.

అయితే నీలం కనబడితే దానికి రెండు అర్థాలు. ప్రొటీన్ లేకపోవచ్చు, యాంటీబాడీ పని చేయకపోవచ్చు. అందుకే పక్కనే ఇంకో పలక పెడతారు. ఆ ప్రొటీన్ నిండుగా ఉందని ముందే తెలిసిన గడ్డ పొర అది. దాన్ని కంట్రోల్ అంటారు. అది గోధుమ రంగుకు తిరిగితేనే పక్కవాళ్ల నీలాన్ని నమ్మాలి.

ఆ ఏడు ఆగస్టుకల్లా ల్యాబులోని కంట్రోల్ బ్లాకు అరిగిపోయింది. ఇంకో నాలుగు పొరలు వస్తాయేమో. హైదరాబాద్ నుంచి కొత్తది తెప్పించమని శ్రీవాణి ఒకసారి చెప్పింది. లింబయ్య రేపు, ఎల్లుండి అనుకుంటూ మరిచాడు. గణపతి నిమజ్జనం అయిన వారంలో మూడు కేసులు వచ్చాయి. మూడింటికే ఒక పొర ఎందుకు పాడు చేయాలి, ఐదారు కేసులు కలిసినప్పుడు వాడుకోవచ్చని అతనికి అనిపించింది. కంట్రోల్ లేకుండానే పరీక్ష పెట్టాడు.

మూడూ నీలంగా వచ్చాయి. సాయంత్రం పలకలు చూస్తూ శ్రీవాణి అడిగింది.

"కంట్రోల్ మంచిగ వచ్చిందా లింబన్నా?"

"వచ్చింది మేడం."

ఆ మాట ఎలా వచ్చిందో అతనికే తెలియదు. పెట్టలేదంటే మళ్లీ మొదటి నుంచి చేయాలి. బయట అప్పటికే రిపోర్టుల కోసం మనుషులు కూర్చున్నారు. ఆమె రోజూ కంట్రోల్ కూడా తానే చూసేది, కానీ ఆ వారం రెండు ఆసుపత్రుల పని మీద పడి ఉంది. మూడు రిపోర్టుల్లో నెగెటివ్ అని రాసి సంతకం పెట్టింది. అక్టోబరులో రెండు కేసులు వచ్చాయి. మొదటిసారి గడిచిపోయింది కాబట్టి రెండోసారి అదే అబద్ధం కష్టం అనిపించలేదు. అవీ నెగెటివ్.

నవంబరు మొదటి వారంలో ఆరు కేసులు కలిశాయి. ఈసారి కంట్రోల్ పెట్టాడు. సాయంత్రం నాలుగింటికి రంగు వేసి చూస్తే కంట్రోల్ పలక మీద చాయ్ మరక కడిగిన తర్వాత మిగిలే రంగు మాత్రమే ఉంది.

చుక్కలు వేసే ముందు పలకలను ఉడికించే కుక్కర్‌లో ఆవిరి సరిపోలేదనుకున్నాడు. మరునాడు ఇంకో పొర తీసి, కుక్కర్ దగ్గరే నిలబడి, గడియారం చూసుకుంటూ మళ్లీ చేశాడు. రంగు అంతే. అప్పుడు ఫ్రిజ్‌లోంచి యాంటీబాడీ సీసా తీసి చేతిలో పట్టుకున్నాడు. అది వెనక గోడకు ఆనుకుని ఉంది. అక్కడ మంచు పేరుకుపోతుంది. సీసా అడుగున సన్నటి మంచు పొర గోటికి తగిలింది. గడ్డకట్టి కరిగిన యాంటీబాడీ సత్తువ పోతుందని డబ్బా మీదే రాసి ఉంటుంది. అది ఎప్పుడు వెనక్కి జరిగిందో, ఎవరు జరిపారో తెలిసే దారి లేదు. ఎక్కువసార్లు ఆ ఫ్రిజ్ తెరిచేది తానే.

శ్రీవాణికి చెప్పాడు, సీసా చెడిందని. ఆమె సీసాను వెలుతురులో తిప్పి చూసింది.

"ఈ ఆరు ఆపుదాం. కొత్త సీసా, కొత్త కంట్రోల్ రేపటికల్లా తెప్పించు. పోయినసారి దాకా కంట్రోల్ మంచిగనే వచ్చింది కదా, పాతవాటికి ఫికర్ లేదు."

లింబయ్య తల ఊపాడు. పాతవాటికి కంట్రోల్ లేదన్న సంగతి ప్రపంచంలో అతనొక్కడికే తెలుసు.

ఆ సాయంత్రం బస్సులో అతనికి సీటు దొరికింది కానీ కూర్చోలేకపోయాడు. లేచి తలుపు దగ్గర నిలబడ్డాడు. కండక్టర్ కోప్పడితే మళ్లీ కూర్చున్నాడు. ఐదుగురికీ నెగెటివ్. మామూలుగా ఐదారుగురిలో ఒకరికైనా గోధుమ రంగు వస్తుంది. అది అప్పుడే గమనించాల్సింది. ఇంటికెళ్లాక అన్నం కలిపి, తినకుండా చెయ్యి కడిగాడు. గంగామణి ఏమైందని అడిగితే కడుపు బాగాలేదన్నాడు. వాము నీళ్లు కాచి ఇచ్చింది. అవి తాగి, పని లేకపోయినా బజారుకు వెళ్లి, ఏమీ కొనకుండా తిరిగొచ్చాడు.

మరునాడు పనికి వెళ్లాడు. ముడత లేకుండా పొర ఎత్తే మనిషి ఆ రోజు నాలుగు పొరలు చింపాడు. కొత్త సీసా, కొత్త కంట్రోల్ వచ్చాయి. ఆగిన ఆరు కేసులు మళ్లీ పెడితే ఒకదానికి గోధుమ రంగు తిరిగింది. పాత సీసాతో అదే కేసుకు నీలం వచ్చిందన్నది అతని తలలోంచి పోలేదు.

మూడో రోజు పొద్దున బోధన్ నుంచి బయల్దేరి ఎడపల్లిలో దిగిపోయాడు. అక్కడ అతనికి ఏ పనీ లేదు. రోడ్డు పక్కన వడ్ల కుప్పల మధ్య కొంతసేపు నడిచాడు. ఒకాయన హమాలీ పనికి వచ్చాడనుకుని పిలిచాడు కూడా. ఇంటికి తిరిగి పోవాలనిపించింది. అవతలి వైపు బోధన్ బస్సు వచ్చి ఆగింది, ఎక్కలేదు. తర్వాత వచ్చిన నిజామాబాద్ బస్సు ఎక్కి, ల్యాబుకు చేరి, సంచి కూడా దించకుండా శ్రీవాణి గదిలోకి వెళ్లాడు.

"మేడం, ఒక్క మాట చెప్పాలె. సెప్టెంబర్ల మూడు, అక్టోబర్ల రెండు. ఆ రెండుసార్లు నేను కంట్రోల్ పెట్టలే."

ఆమెకు మొదట అర్థం కాలేదు. "వచ్చింది అన్నవు కదా."

"అబద్ధం చెప్పిన."

శ్రీవాణి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. కోపగించుకుంటుందని అతను ఎదురుచూశాడు. ఆమె గొంతు ఇంకా తగ్గింది.

"ఎందుకు లింబన్నా?"

"బ్లాకు అయిపోతదని. మీరు తెప్పియ్యమన్నరు, నేను మరిచిన. అది మీకు చెప్పలేక."

"నేను చూడకుండ సంతకం పెట్టిన. అది నీ తప్పు కాదు, నాది," అంది ఆమె. కళ్లద్దాలు పెట్టుకుని, "మిగిలింది నీదే. ఐదు బ్లాకులు తియ్యి," అంది.

అరలో నాలుగే ఉన్నాయి. ఐదోది రోగి ఇంటివాళ్లు పట్టుకెళ్లినట్టు రిజిస్టరులో సంతకం ఉంది. నాగకుమారి, యాభై రెండేళ్లు, చందూర్ దగ్గర క్యాంపు. కోస్తా నుంచి వచ్చి కాలువ కింద భూములు చేసుకున్న వాళ్ల ఊళ్లను అటువైపు క్యాంపులనే అంటారు.

నాలుగింటినీ ఆ రోజే చేశారు. లింబయ్య కోస్తుంటే, చుక్కలు వేస్తుంటే శ్రీవాణి పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. తొమ్మిదేళ్లలో ఆమె అలా కూర్చోవడం అదే మొదలు. కంట్రోల్ ముదురు గోధుమ రంగుకు వచ్చింది. నాలుగూ నీలమే. ముందు రాసిన రిపోర్టులే సరైనవి. అయినా ఆమె ఆ నలుగురి డాక్టర్లకూ ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. వాళ్ల ఇళ్లకు కూడా తానే చెప్పింది.

నాగకుమారి నంబరు పని చేయలేదు. ఆమెకు మందు ఎక్కిస్తున్న డాక్టరు సోమవారం దాకా ఊళ్లో లేడు. సోమవారం ఎవరినైనా పంపుదాం అంది శ్రీవాణి. నలుగురికీ మారలేదు, ఐదో ఆమెకూ మారదులే అని లింబయ్య తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకున్న కొద్దీ ఆ మాట మీద నమ్మకం తగ్గింది. ఆదివారం పొద్దున మోటారుసైకిల్ తీశాడు. ఎక్కడికని అడిగిన గంగామణికి అప్పుడు మొత్తం చెప్పాడు, బండి మీద కూర్చునే.

"ఆమె ఏమన్నా అంటే పడు. ఎదురు మాట్లాడకు," అంది గంగామణి.

వర్ని రోడ్డు మీద సగం దారికి వడ్లు ఆరబోసి ఉన్నాయి. మిగతా సగంలో ట్రాక్టర్లకు తప్పుకుంటూ నడపాలి. క్యాంపులో అడిగితే ఇల్లు చూపించారు. వాకిట్లో టార్పాలిన్ మీద వడ్లు. వరండాలో కుర్చీలో ఒకామె కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తలకు నూలు గుడ్డ చుట్టుకుంది. కనుబొమలు లేవు.

లింబయ్య చెప్పులు విడిచి గడప దగ్గరే నిలబడ్డాడు. పేరు చెప్పాడు, ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పాడు.

"లోపలికి రండి. ఆయన పొలంలో ఉన్నారు, కోత మిషను వచ్చింది. ఫోన్ చేస్తాను," అంది నాగకుమారి.

"ముందు మీతోనే చెప్పాలె అక్కా."

ఆమె చేతిలోని కాయ చేటలో పెట్టింది. అతను చెప్పాడు. గడ్డలో ఒక గుణం ఉందా లేదా అని చూసే పరీక్ష, లేదని రాసి ఇచ్చింది, అది సరిగ్గా జరగలేదు, మళ్లీ చూడాలి. తాను ఏం చేయలేదో, డాక్టరమ్మతో ఏం అబద్ధమాడాడో కూడా చెప్పాడు.

"అంటే ఉండొచ్చా?"

"ఉండొచ్చు, ఉండకపోవచ్చు."

"ఉంటే మంచిదా, లేకపోతే మంచిదా?"

అతను ఆ ప్రశ్న ఊహించలేదు. "ఉన్నోళ్లకు రోగం జల్ది పెరుగుతది. కానీ వాళ్లకు మందు ఉంది. డాక్టర్లు చెప్తరు అక్కా, నాకు అంతే తెలుసు."

"నాకు ఇప్పటికి మూడుసార్లు ఎక్కించారు. బుధవారంతో మూడోది. అవి దండగేనా మరి?"

"తెల్వదు." అబద్ధం చెప్పకూడదని దారి పొడవునా అనుకుంటూ వచ్చాడు. తెలియదని చెప్పడం ఇంత కష్టమని అనుకోలేదు.

వెంకట్రావు పొలం నుంచి వచ్చాడు. అరవై దాటిన మనిషి, చొక్కా నిండా దుమ్ము. భార్య చెబుతుంటే నిలబడే విన్నాడు. అతని ముఖం ఎర్రబడింది.

"హైదరాబాద్‌లో ఇంకో డాక్టరుకి చూపిద్దామనే ఆ ముక్క తెచ్చుకున్నామండీ. వీళ్లు నమ్మకంగా చెప్పారు కదా అని మానేశాం. ఇప్పుడొచ్చి తప్పంటారా? ఇప్పుడు మళ్లీ మీ చేతికే ఇవ్వాలా?"

"మీకు నచ్చిన చోట చేపియ్యండి అన్నా. ఇంకెక్కడన్నా సరే. ఆలస్యం మాత్రం చెయ్యకండి."

"ఎక్కడో ఎందుకండీ," అంది నాగకుమారి భర్తతో. "చెప్పడానికి వచ్చిన మనిషి కదా. మీరు దగ్గర కూర్చుని చేయించండి."

వెంకట్రావు లోపలికి వెళ్లి ఇనుప బీరువాలోంచి ఒక పాలిథిన్ కవరు తెచ్చాడు. అందులో బొటనవేలంత మైనపు బిళ్ల. లింబయ్య చెయ్యి చాచాడు కానీ వెంకట్రావు ఇవ్వలేదు.

"రేపు నేనే తెస్తాను," అన్నాడు.

అన్నట్టే సోమవారం తొమ్మిదింటికి ల్యాబు తలుపు తీయకముందే మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. బ్లాకును తన చేత్తోనే శ్రీవాణికి ఇచ్చాడు. ఆమె అతన్ని లోపలికి తీసుకెళ్లి యంత్రం పక్కన కుర్చీ వేయించింది. బయటి మనుషులను లోపలికి రానిచ్చే అలవాటు ఆ ల్యాబుకు లేదు.

లింబయ్య కోశాడు. మూడు పొరలు నీళ్ల మీద తేలాయి. వాటిని ఎత్తుతుంటే వెంకట్రావు ముందుకు వంగి చూశాడు.

"ఇంతేనా?" అన్నాడు.

"ఇంతే అన్నా."

ఆరబెట్టడం, మైనం కరిగించడం, కుక్కర్, చుక్కలు, కడగడం, మళ్లీ చుక్కలు. ఒంటి గంట దాటింది. వెంకట్రావు భోజనానికి లేవలేదు. లింబయ్య కూడా లేవలేదు. మూడున్నరకు ఆఖరి రంగు వేసి కడిగాడు. మైక్రోస్కోపు అవసరం లేకుండానే తెలిసిపోయింది. కంట్రోల్ ఎంత ముదురుగా ఉందో పక్క పలక అంతే ముదురుగా ఉంది. మైక్రోస్కోపులోంచి చూస్తే ప్రతి కణం చుట్టూ గోధుమ రంగు గీత గుండ్రంగా కట్టి ఉంది.

లింబయ్య పలకను అలాగే ఉంచి శ్రీవాణిని పిలిచాడు.

ఆమె చాలాసేపు చూసింది. తర్వాత నాగకుమారికి మందిచ్చే డాక్టరుకు అక్కడి నుంచే ఫోన్ చేసింది. అతను ఊళ్లోకి అప్పుడే వచ్చాడు. రెండు నిమిషాలు మాట్లాడి ఫోన్ పెట్టేసి వెంకట్రావు వైపు తిరిగింది.

"మీ ఆవిడకు ఆ ప్రొటీన్ ఉంది. మేం ముందు రాసింది తప్పు. ఇప్పుడు ఎక్కిస్తున్న మందు ఎట్లైనా నాలుగుసార్లు ఇయ్యాల్సిందే, అవి వృథా కాలేదు. కొత్త మందు ఐదోసారి నుంచి కలుపుతరు. సరైన రిపోర్టు మొదట్లనే వచ్చినా అప్పుడే మొదలుపెట్టేవాళ్లమని డాక్టర్ అంటున్నరు."

"అంటే సమయం మించిపోలేదు."

"మించలేదు."

"ఈయన రాకపోతే?"

"ఐదోసారి కూడ పాత రిపోర్టుతోనే జరిగేది. ఆ తర్వాత కూడ," అంది శ్రీవాణి.

వెంకట్రావు లేచి లింబయ్య వైపు చూశాడు. తిడతాడో, దండం పెడతాడో ఎవరికీ తెలియలేదు. రెండూ చేయలేదు. కొత్త రిపోర్టు తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకుని, బయటికి వెళ్లి చెప్పులు వేసుకున్నాడు. మెట్ల దగ్గర ఆగి, బ్లాకు తిరిగి ఇమ్మని అడిగాడు. ఇచ్చారు.

నాగకుమారికి డిసెంబరు మూడో వారంలో కొత్త మందు మొదలైంది. ఏడాది పాటు మూడు వారాలకోసారి ఎక్కించాలి. ఒకసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ల్యాబు ముందు ఆటో ఆపించి, లింబయ్యను పిలిపించి, బాగున్నారా అని అడిగి వెళ్లింది. తలకు గుడ్డ అలాగే ఉంది. ఆమె ఏమీ అనకపోవడం అతన్ని రోజంతా కుదురుగా కూర్చోనివ్వలేదు. తిడితే పడదామని సిద్ధపడిన మనసు ఇంకా అలాగే ఉంది.

శ్రీవాణి అతన్ని ఆ పరీక్ష నుంచి తప్పించి మూడు నెలలు మామూలు పలకల మీద పెట్టింది. కంట్రోల్ పలకను తన కళ్లతో చూడనిదే ఆమె ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టడం లేదిప్పుడు. ల్యాబు పేరు కొంత దెబ్బతింది. రెండు ఆసుపత్రులు కేసులు పంపడం మానేశాయి.

తిట్టడానికి వచ్చింది రాజమల్లు. మెండోర రైతు, పసుపు పండిస్తాడు. రిపోర్టు మారని నలుగురిలో ఒకామె అతని భార్య. జనవరిలో ఒక మధ్యాహ్నం నేరుగా లోపలికి వచ్చి, తెల్ల కోట్లు వేసుకున్న వాళ్లందరినీ చూస్తూ అడిగాడు.

"లింబయ్య అంటే ఎవరు?"

"నేనే అన్నా."

"నువ్వేనా కంట్రోల్ పెట్టనోనివి? మీ మేడం ఫోన్ల చెప్పింది, మీకు ఏం మారలే, ఫికర్ చెయ్యకండ్రి అని. రెండు నెలల సంది నా భార్య నిద్ర పోతలేదు. మారలే అన్నది గూడ మీరే చెప్పినరు కదా, ఎట్ల నమ్మాలె అంటున్నది. ఆమెకు నేనేం చెప్పాలె?"

ఆ మనిషి కోపం న్యాయమే అనిపించింది లింబయ్యకు. ఇన్నాళ్లలో మొదటిసారి ఎవరో సరైన మాట అడిగినట్టు కూడా అనిపించింది. శ్రీవాణి గదిలోకి వెళ్లి అడిగాడు. ఆమె తల ఊపింది. అరలోంచి రెండు పలకలు తీసి, మైక్రోస్కోపు దగ్గర రాజమల్లును కూర్చోబెట్టాడు.

"ఇది కంట్రోల్. గోధుమ రంగు సుట్టూత కట్టింది, సూడు. యాంటీబాడీ మంచిగ పని చేసింది. ఇప్పుడు ఇది మీ ఇంటామెది. అదే రోజు, అదే సీసా."

రాజమల్లు ఒక కన్ను మూసి చూశాడు. "నీలం గనబడుతుంది."

"ఎక్కడన్నా గోధుమ రంగు ఉన్నదా?"

"లేదు." తల ఎత్తి, కళ్లు నలుపుకుని, మళ్లీ వంగాడు. "మొదటిది ఇంకోసారి పెట్టు."

లింబయ్య పలక మార్చాడు. చూసి, రెండోది పెట్టమన్నాడు. మళ్లీ మొదటిది. అలా ఎన్నిసార్లు మార్చాడో లింబయ్య లెక్క పెట్టలేదు. బయట రిపోర్టుల కోసం కూర్చున్న వాళ్లు తొంగి చూస్తున్నారు. చివరికి రాజమల్లు జేబులోంచి ఫోన్ తీశాడు.

"నా భార్యను తోలుకొస్త. నాకు సూపెట్టినట్టే ఆమెకు సూపెట్టాలె. ఎప్పుడు రావాలె?"

"రేపు రాండ్రి," అన్నాడు లింబయ్య. "పొద్దున్నే ఉంట."